దల్మా మలుపులో ఇరవై మీటర్లు

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున డిమ్నా సరస్సు దాటి, దల్మా కొండ పాదం వెంబడి సైకిల్ మీద వెళ్తున్నాను. అభయారణ్యం లోపల కాదు. బయట, పల్లెల మధ్య ఉన్న మట్టిదారి అది. దిగుడు వాలు కావడంతో తొక్కకపోయినా బండి పరుగెడుతోంది. అలాంటప్పుడు బ్రేకు మీద వేలు వేయబుద్ధి కాదు. సాల చెట్ల గుంపు దగ్గర దారి ఎడమకు తిరిగింది. ఆ మలుపులో, దారికి సరిగ్గా నడుమ, నెత్తిన కట్టెల మోపుతో ఒక ఆవిడ ఎదురొస్తున్నారు.

రెండు బ్రేకులూ పట్టేశాను. వెనక చక్రం బిగుసుకుపోయి గులకరాళ్ల మీద జారింది. నేనూ సైకిలూ పక్కకు పడి నేలను రాసుకుంటూ పోయి, ఆవిడ కాళ్లకు ఒక బార దూరంలో ఆగాం. ఆవిడకు దెబ్బ తగల్లేదు. కానీ తప్పుకోబోయి మోపు పడేశారు.

ఆవిడ నన్ను తిట్టలేదు. సైకిల్‌ని ఎగాదిగా చూసి హిందీలో ఒక్క మాట అడిగారు: "నీ బండికి గంట లేదా బాబూ?" లేదు. మట్టిదారుల్లో గలగలమని చికాకు పెడుతుందని కొన్న రోజే తీయించేశాను. విడిపోయిన కట్టెలు కట్టి, మోపు తిరిగి ఆవిడ తలమీదకు ఎత్తడానికి నాకు రెండు ప్రయత్నాలు పట్టాయి. పాతిక కిలోలకు తక్కువ ఉండదు.

ఇంటికొచ్చి మోచేతికి మందు రాసుకున్నాక, భౌతికశాస్త్రం చదివినవాళ్లకు ఉండే జబ్బు కొద్దీ ఒక కాగితం తీసి లెక్క వేశాను. ఆ లెక్క చెప్పేముందు ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

జంషెడ్‌పూర్ అనగానే తెలుగువాళ్లకు ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అందులో ఒకటి. అయితే ఊరికి ఆనుకునే అడవి, కొండ ఉన్నాయని బయటివారికి అంతగా తెలియదు. సువర్ణరేఖ నది దాటి మాన్‌గో మీదుగా కాస్త దూరం పోతే దల్మా కొండల వరుస మొదలవుతుంది. శిఖరం ఎత్తు సముద్రమట్టానికి సుమారు 926 మీటర్లు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన లావా రాళ్ల కొండలివి. చుట్టూ 190 చదరపు కిలోమీటర్లకు పైగా అభయారణ్యం, 1970ల నడిమి కాలం నుంచి ఉంది. దీనికి పేరు తెచ్చినవి ఏనుగులు.

ఈ ఊరికి కొండలెక్కే అలవాటు కూడా పాతదే. 1984లో ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ ఇక్కడి టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ను ఏళ్లతరబడి నడిపారు. దల్మా కొండ ఎక్కే పోటీలో సరదాగా పాల్గొన్న గృహిణి ప్రేమలతా అగర్వాల్ ఆమె దగ్గర శిక్షణ పొంది, 2011లో 48 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కారు. ఆ కథ విన్న తరానికి దల్మా ఒక బడిలాంటిది.

ఇప్పుడు ఆ బడికి విద్యార్థులు ఎక్కువయ్యారు. ఆదివారం పొద్దున్నే కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పరుగెత్తే కుర్రాళ్లు, లావు టైర్ల సైకిళ్ల మీద మాలాంటివాళ్లు, అందరూ ఒకే దారి మీద. (ఆ సైకిల్‌ని ప్రపంచమంతా మౌంటెన్ బైక్ అంటుంది. మన దగ్గర బైకు అంటే మోటార్ సైకిలే కాబట్టి నేను కొండ సైకిల్ అంటాను.) నడిచేవాళ్లను అడిగితే సైకిళ్లవాళ్లు దారి పాడుచేస్తున్నారంటారు. సైకిళ్లవాళ్లను అడిగితే నడిచేవాళ్లు దారంతా పరుచుకుని కబుర్లు చెప్పుకుంటూ పోతారంటారు. పరుగెత్తేవాళ్లు ఇద్దరినీ విసుక్కుంటారు. నేను ఒక్కో వారం ఒక్కో గుంపులో ఉంటాను కనుక మూడు రకాల విసుగూ నాకు సొంతమే.

ముందు దారి పాడవడం సంగతి చూద్దాం. దీని మీద మంచి ప్రయోగాలే ఉన్నాయి. అమెరికాలోని మోంటానాలో విల్సన్, సీనీ అనే ఇద్దరు పరిశోధకులు అడవి బాటల మీద మనుషులను, గుర్రాలను, మోటార్ సైకిళ్లను, సైకిళ్లను నడిపించి, ఒక్కొక్కరి తర్వాత ఎంత మట్టి కొట్టుకుపోయేందుకు సిద్ధంగా వదులవుతుందో కొలిచారు. 1994లో అచ్చయిన ఆ ఫలితాల్లో చక్రాల కంటే డెక్కలు, పాదాలే ఎక్కువ మట్టిని వదులు చేశాయి. తడి బాట మీద ఈ తేడా ఇంకా స్పష్టం. 2001లో థర్‌స్టన్, రీడర్ కెనడాలోని ఒంటారియోలో ఇంకో పని చేశారు. ఎవరూ తొక్కని అడవి నేలను ఎంచుకుని, ఒక వరుసలో నడిచేవాళ్లను, ఇంకో వరుసలో సైకిళ్లను 500 సార్ల దాకా పోనిచ్చారు. మొక్కలు పోవడంలో, నేల బయటపడడంలో ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

ఇది చదివి సైకిల్ మిత్రులు చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఆ ప్రయోగాల్లో పద్ధతిగా తొక్కారు. నాలాగా మలుపులో వెనక చక్రం బిగబట్టి జారలేదు. పాదం గుంటలు పెడుతుంది, చక్రం గాడి పెడుతుంది. గుంటలో నీళ్లు నిలుస్తాయి. వాలు వెంట నిలువుగా పడిన గాడిలో నీళ్లు పరుగెడతాయి. పరుగెత్తే నీటి సంగతి భౌతికశాస్త్రంలో ఒక పాత లెక్క చెబుతుంది. ప్రవాహం దొర్లించగల రాయి బరువు, వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది. నీటి వేగం రెట్టింపయితే 64 రెట్లు బరువైన రాయి కదులుతుంది. ఆదర్శ పరిస్థితుల లెక్కే అయినా, ఒక్క పెద్ద వానకే దారి మధ్యలో కాలువ ఎందుకు పడుతుందో దీంతో అర్థమవుతుంది. ఇక నడిచేవాళ్లకు ఇంకో గుణం ఉంది. బురద కనబడగానే పక్కనున్న గడ్డి మీదకు వెళ్తారు. మర్నాడు అదీ బురదే. అలా ఒక దారి మూడు దారులవుతుంది.

కాబట్టి ఎవరి కాలు, ఎవరి చక్రం అన్నది చిన్న ప్రశ్న. దారిని ఎలా వేశారు, ఎప్పుడు వాడుతున్నారు అన్నది దానికంటే పెద్దది. బాటలు వేసేవాళ్లకు ఒక మోటు సూత్రం ఉంది: కొండ వాలు ఎంత ఉంటే అందులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. అప్పుడు నీరు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా దాటిపోతుంది. దల్మా పాదంలో నేను చూసిన అడ్డదారులు చాలావరకు నిలువుగా పైకి పోయేవే. తొందరలో ఉన్న మనుషులు వేసిన దారులు కదా. ఇక్కడ ఏడాది వానలో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. ఆ నెలల్లో వాటి మీద ఒక పరుగు పందెం పెట్టినా, ఒక సైకిల్ యాత్ర పెట్టినా ఒకటే నష్టం.

జంతువులను ఎవరు బెదరగొడుతున్నారు అన్న తగువు కూడా ఇలాంటిదే. యూటా రాష్ట్రంలోని యాంటిలోప్ దీవిలో టేలర్, నైట్ అనే శాస్త్రవేత్తలు అడవిదున్నలు, జింకల వంటి జంతువుల మీద పరిశీలన చేసి 2003లో ప్రచురించారు. నడిచేవాళ్లను చూసినా, సైకిళ్లవాళ్లను చూసినా అవి దాదాపు ఒకేలా బెదిరాయి. నాకు అంతకంటే నచ్చింది ఆ పరిశోధనలో రెండో భాగం. అక్కడికి వచ్చినవాళ్లను ప్రశ్నలు అడిగారు. జంతువులు నిజంగా ఓర్చుకునే దూరం కంటే ఇంకా దగ్గరికి వెళ్లవచ్చని వాళ్లు అనుకుంటున్నారు. జంతువులకు ఇబ్బంది ఎవరివల్ల అంటే, ప్రతి గుంపూ ఇంకో గుంపును చూపించింది. మన ఆదివారం కబుర్లు కూడా ఇవే కదా!

మరి తేడా ఏమీ లేదా? ఉంది. అది నా కాగితం మీద ఉంది.

70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే అతని గతిజశక్తి సుమారు 70 జౌళ్లు. అదే మనిషి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే దాదాపు 390. అతన్నే 13 కిలోల సైకిల్ ఎక్కించి 30 కిలోమీటర్ల వేగంతో దిగుడులో వదిలితే 2,900కు దగ్గర. నడకకు నలభై రెట్లు పైమాటే. బరువు పెద్దగా మారలేదు. గతిజశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కనుకే ఇంత తేడా.

ఇప్పుడు ఆగే దూరం చూద్దాం. ఎదురుగా మనిషి కనబడ్డాక మెదడు గ్రహించి వేళ్లు బ్రేకు నొక్కేసరికి ఒక సెకను అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్లంటే ఆ సెకనులో 8.3 మీటర్లు పోతాం. ఆ తర్వాత వదులు గులకరాళ్ల మీద ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలు అందులో 0.1 తినేస్తుంది. మిగిలిన 0.3తో ఆగడానికి మరో 12 మీటర్లు కావాలి. మొత్తం ఇరవై. అదే 15 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 7 మీటర్లు చాలు. వేగం సగమైతే ఆగే దూరం సగం కాలేదు, మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది.

మరుసటి వారం టేపు పట్టుకుని ఆ మలుపు దగ్గరికి వెళ్లాను. నాకు ఆవిడ కనబడిన చోటు నుంచి ఆవిడ నిలబడిన చోటుకు 17 మీటర్లు. నా చేతి గడియారంలో ఆ నిమిషం వేగం 30 కిలోమీటర్లు చూపిస్తోంది. ఈ లెక్క ప్రకారం నేను ఆవిడను ఢీకొట్టాలి. పడిపోయి నేలను రాసుకుపోవడం వల్ల ఆగానేమో. అంటే నా మోచేతి చర్మం మూడో బ్రేకుగా పనిచేసిందన్నమాట.

ఈ లెక్కలో సైకిల్ అన్న మాట ఎక్కడా ముఖ్యం కాదని గమనించండి. ముఖ్యమైనవి వేగం, కనుచూపు దూరం. ఎక్కుడులో ఆపసోపాలు పడుతూ గంటకు 6 కిలోమీటర్ల వేగంతో తొక్కే సైకిలిస్టు వల్ల నడిచేవాడికి ఏ ప్రమాదమూ లేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని, దిగుడులో ఇద్దరు పక్కపక్కనే పరుగెత్తే వాళ్ల వల్ల ఉంది. సైకిళ్లను నిషేధించాలి అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. నిషేధం మనిషి ఎక్కిన వస్తువును చూస్తుంది, ప్రమాదం మాత్రం మలుపులో ఉంటుంది. అయితే మా సైకిళ్లవాళ్లతో పేచీ ఇంకా ఎక్కువ. దిగుడులో ఆ వేగం అందరికంటే తేలిగ్గా, చెమట చిందకుండా దొరికేది మాకే. కనుక బాధ్యత సమానం అనడం అబద్ధం. మాదే ఎక్కువ.

ఈ తగువు మనతో మొదలైంది కాదు. కొండ సైకిల్ పుట్టిన చోటే, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, 1976 నుంచి కుర్రాళ్లు పాత సైకిళ్లతో కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. కొన్నేళ్లకే నడిచేవాళ్లు, గుర్రపు స్వారీవాళ్లు గొడవకు దిగారు. చివరికి అక్కడ సైకిళ్లను సన్నబాటల నుంచి చాలావరకు తప్పించి, అగ్నిమాపక బండ్లు తిరిగే వెడల్పు దారులకు పరిమితం చేశారు. వేగానికి గంటకు 15 మైళ్ల హద్దు పెట్టారు. ఎవరినైనా దాటేటప్పుడు, ఎదుట ఏముందో కనబడని మలుపుల్లో 5 మైళ్లు, అంటే మన లెక్కలో 8 కిలోమీటర్లు. ఆ రెండో అంకె నాకు చాలా తెలివైనదిగా తోస్తుంది. నా ఆగే దూరం సూత్రంలో 8 కిలోమీటర్లు పెట్టి చూడండి, మూడు మీటర్లు చాలు.

బ్రిటన్‌లో 1968 నాటి గ్రామీణ ప్రాంతాల చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్లను అనుమతిస్తూ, నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలని అందులోనే రాసింది. అమెరికాలోని టాహో సరస్సు చుట్టూ ఉన్న బాటలో ఒక భాగం మీద సైకిళ్లకు సరి తేదీల్లోనే ప్రవేశం. స్థలాన్ని పంచలేనప్పుడు రోజులను పంచుకున్నారు. మన ఊళ్లలో కాలువ నీళ్లకు వంతులు పెట్టుకున్నట్టే. న్యూజిలాండ్‌లో క్వీన్ షార్లట్ బాట మీద సెస్‌ఫర్డ్ అనే పరిశోధకుడు నడిచేవాళ్ల అభిప్రాయాలు సేకరిస్తే ఒక చిత్రం బయటపడింది. దారిలో నిజంగా సైకిళ్లు ఎదురైనవాళ్ల కంటే, ఒక్కటీ ఎదురవనివాళ్లకే సైకిళ్ల మీద వ్యతిరేకత ఎక్కువగా ఉంది. భయంలో కొంత భాగం ఊహ. అయితే నా మలుపులో ఆవిడకు కలిగిన భయం ఊహ కాదు కదా, అందుకే ఈ పరిశోధనను మా గుంపులో ఎవరూ ఢంకా బజాయించకూడదని కోరుకుంటాను.

విదేశీ సూత్రాలన్నీ దల్మాకు తెచ్చేస్తే పని అయిపోతుందా? కాదు. ఆ దేశాల్లో తగువు వినోదానికి వచ్చిన ముగ్గురి మధ్య. దల్మాలో దారి ఆ ముగ్గురిలో ఎవరిదీ కాదు. సంతాలీ, భూమిజ్, హో కుటుంబాలు కట్టెలకు, ఆకులకు, సంతకు, బడికి నడిచిన దారులివి. మనం సెలవు రోజున వెళ్లి ట్రెయిల్ అని పేరు పెట్టుకున్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికి మనకు అనుమతి కావాలి. అందులో భూమి హక్కులున్నవారికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద ఆధారపడిన సమాజాల హక్కులను ఇంకా విస్తారంగా గుర్తించింది. అంటే చట్టం దృష్టిలో కూడా అక్కడ అతిథులం మనమే. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, సైకిళ్లవాళ్లు సమావేశమై దారిని మూడు భాగాలు చేసుకుంటే, నాలుగో కుర్చీలో కూర్చోవాల్సిన ఆ కట్టెల మోపు ఆవిడను అడగకుండానే పంచుకున్నట్టు.

ఐదో కుర్చీ ఏనుగుది. వరి కాలంలో దల్మా ఏనుగులు బెంగాల్ వైపు వలసపోతాయి. దక్షిణ బెంగాల్ రైతులకు దల్మా అన్న పేరు తెలిసిందే వాటివల్ల. వేసవిలో కొండ మీది నీటి మడుగుల దగ్గర చేరతాయి. ఏనుగుకు చూపు మందం, వినికిడి, వాసన గొప్ప. మనకు వినబడని 14 నుంచి 24 హెర్ట్జ్ శబ్దాలతో అవి మాట్లాడుకుంటాయని 1980ల్లో ఆసియా ఏనుగుల మీదనే కనిపెట్టారు. వాటి చెవి అన్నిటికంటే చురుగ్గా ఉండేది 1,000 హెర్ట్జ్ దగ్గర, అంటే మనుషుల మాటలు పలికే పరిధిలోనే. కాబట్టి కబుర్లు చెప్పుకుంటూ నడిచే నలుగురు పెద్దవాళ్లు తమకు తెలియకుండానే ఏనుగుకు ముందుగా కబురు పంపుతున్నారు. ఆవైపు నుంచి గాలి వీస్తుంటే చెప్పలేం కానీ, చాలాసార్లు అది తప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. దిగుడులో చప్పుడు లేకుండా వచ్చే సైకిల్, మసక వెలుతురులో ఒంటరిగా పరుగెత్తే మనిషి ఆ వ్యవధి ఇవ్వరు.

వ్యవధి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఘటన ఉంది. 2016 జూన్‌లో అమెరికాలోని గ్లేషియర్ జాతీయ వనం పక్కన ఒక అనుభవజ్ఞుడైన అటవీ సేవ అధికారి కొండ సైకిల్ మీద వేగంగా పోతూ, మలుపులో ఒక గ్రిజ్లీ ఎలుగుబంటిని నేరుగా ఢీకొట్టి ప్రాణాలు కోల్పోయారు. విచారణ చేసిన బృందం ఎలుగుబంటి వేటాడిందని అనలేదు. వేగం, కనుచూపు తక్కువ దారి, స్పందించడానికి ఒకటి రెండు సెకన్లే, అంది. అదే లెక్క మళ్లీ. ఏనుగు విషయానికొస్తే, 2003లో థాయ్‌లాండ్‌లో కొలిచిన ప్రకారం అది గంటకు దాదాపు 25 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ఎక్కుడులో ఏ సైకిలూ, అడవి దారిలో మనలో ఏ పరుగువీరుడూ దాన్ని మించలేడు.

అందుకే నా అభిప్రాయం కొంచెం కటువుగానే చెబుతాను. అభయారణ్యం లోపల కొండ సైకిళ్లు జీపులు తిరిగే వెడల్పు రోడ్డు దాటి సన్నబాటల్లోకి రాకూడదు. పెట్రోలు పొగ వదిలే బండ్లను పైదాకా పోనిచ్చి, పొగలేని సైకిల్‌కు ఆంక్షలా అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జీపుల సంఖ్యనూ తగ్గించమని అడుగుదాం, నేనూ సంతకం పెడతాను. కానీ జీపు రోడ్డు మీదే ఉంటుంది, దాని చప్పుడు అర కిలోమీటరు ముందే వినబడుతుంది. సన్నబాటలో నా సైకిల్ రాక ఏనుగుకూ తెలియదు, కట్టెలు మోసేవారికీ తెలియదు.

తెల్లవారుజామున, మునిమాపు వేళ అడవి అంచు దారులు మనందరికీ మూసేయాలి, నడిచేవారికి కూడా. ఇక్కడే పరుగెత్తే మిత్రులకు కోపం వస్తుంది, చల్లటి వేళ అదే కదా. ఆ వేళ పరుగెత్తాలంటే జూబిలీ పార్క్ ఉంది, 1958 నుంచి ఊరి మధ్యలోనే ఉంది. అక్కడ ఏనుగులు లేవు.

వానాకాలంలో నిలువు బాటల మీద పోటీలు, గుంపు యాత్రలు ఆపాలి. దీనికి ఒక ఇబ్బంది ఉంది. శ్రావణంలో దల్మా మీది శివుడి దగ్గరికి భక్తులు ఎక్కుతారు (ఇక్కడి శ్రావణం మన శ్రావణం కంటే పదిహేను రోజుల ముందే మొదలవుతుంది, మా అమ్మకు ఏటా రెండు శ్రావణాలు). వాళ్లను ఆపమనడం జరిగే పని కాదు, ఆపమని నేను అనను కూడా. వాళ్లు నడిచే ప్రధాన దారికి అడ్డంగా నీరు దాటే రాతి కట్లు వేయించడం అయ్యే పని. ఒక సీజన్‌లో పాతిక మంది వాలంటీర్లు పార పట్టుకుంటే చాలా దూరం పూర్తవుతుంది. ఆ పాతిక మందిలో మూడు గుంపులవాళ్లూ ఉంటే ఆదివారం విసుగులు సగం తగ్గుతాయని నా అనుమానం.

ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అన్నదానికి పాశ్చాత్య బాటల మీద త్రికోణపు బోర్డులు పెడతారు. సైకిల్ అందరికీ తప్పుకోవాలి, నడిచేవారు గుర్రానికి తప్పుకోవాలి, దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి. ఇవన్నీ మా బాబాయికి ఉత్సాహంగా వివరించాను. ఆయన కర్మాగారంలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యారు, వారానికి రెండుసార్లు డిమ్నా దాకా నడుస్తారు. అంతా విని, "ఒరే, నీ త్రికోణం సంగతి నాకు తెలీదుగానీ, బరువుతో వచ్చే బండికి ఖాళీ బండోడు పక్కకి తియ్యాలని మా ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు" అన్నారు. ఆలోచిస్తే ఆ సూత్రం త్రికోణం కంటే దల్మాకు బాగా అతుకుతుంది. బరువు మోసేవాళ్లు ఆగడం, పక్కకు జరగడం, మళ్లీ ఎత్తుకోవడం ఎంత కష్టమో ఆ మోపు ఎత్తినప్పుడు నా భుజానికి తెలిసింది. ఎక్కేవాడు మోసేది తన ఒంటి బరువే అనుకుంటే దిగేవాడు దారివ్వాలన్న సూత్రమూ ఇందులోనే ఇమిడిపోతుంది.

ఇక గంట. సైకిల్ షాపులో దొరికే నొక్కుడు గంటకు ఒక లోపం ఉంది. ఎదుటి మనిషి కనబడ్డాక నొక్కాలి. అంటే ఆ ఒక్క సెకను ఆలస్యం ఎలాగూ తప్పదు, మలుపులో దానివల్ల ఉపయోగం తక్కువ. దానంతట అదే మోగుతూ ఉండే గంట అయితే మనం చూడకముందే కబురు వెళ్తుంది. ఇలా ఒక సాయంత్రం బాబాయి ముందు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఏమీ అనలేదు. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి వచ్చేటప్పుడు ఎద్దు మెడలో కట్టే కంచు గంట ఒకటి తెచ్చి, నా హ్యాండిల్‌కి నులక తాడుతో కట్టేశారు.

రాయి ఎక్కినా దిగినా మోగుతుంది. మా సైకిల్ గుంపులో నాకు కొత్త పేరు కూడా పెట్టారు, ఇక్కడ రాయను. పోయిన వారం అదే మలుపు దగ్గర, బ్రేకుల మీద వేళ్లు ఉంచి మెల్లగా దిగుతుంటే, అవతలి వైపు నుంచి ఇద్దరు పిల్లలు దారి వదిలి గట్టెక్కి నిలబడి కనిపించారు. నేను దాటిపోయాక కూడా వాళ్లు నా వెనకవైపే చూస్తున్నారు, ఎద్దు ఇంకా రాలేదేమిటా అని.